రేవు వీధిలో ఒకే చాప

ఎలాసాకు ధర్మశాస్త్రం అయిదు గ్రంథాలూ నోటికి వచ్చు. అతని గురువు మల్కీయాకు అక్షరం ముక్క రాదు.

మొదట్లో ఈ తేడా ఎలాసాను బాధించలేదు. సిరియా తీరంలోని ఆ రేవు పట్టణంలో యేసును నమ్మిన యూదులు కొద్దిమందే. వాళ్ళకు పెద్ద మల్కీయా. ఒకప్పుడు యూదయలో రాతి బానలు చెక్కేవాడు. అక్కడ విశ్వాసులను పట్టుకుపోవడం మొదలైనప్పుడు పారిపోయి ఈ ఒడ్డుకు చేరాడు. అరవై దాటినా రేవు మెట్లకు రాళ్ళు చెక్కి ఆ కూలితో బతికేవాడు. వారం మొదటి రోజున అందరూ అతని ఇంట్లో కూడేవారు. గ్రంథం వినిపించడం ఎలాసా పని. భావం చెప్పడం గురువు పని. తర్వాత ఒకే చాప మీద కూర్చుని రొట్టె విరిచేవారు.

ఆ చాప మీదికి బయటివాళ్ళు రావడంతో ఎలాసాకు కష్టం మొదలైంది.

ముందు వచ్చినవాడు స్ట్రాతోను. ఓడల్లోంచి ధాన్యం మూటలు దింపే కూలీ. యూదుడు కాదు, సున్నతి లేనివాడు. యాభై ఏళ్ళు వచ్చేదాకా ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కినవాడు. మెట్ల దగ్గర మల్కీయా చెప్పే మాటలు విని విని, ఒకరోజు భార్య అమ్మియను వెంటబెట్టుకుని వచ్చాడు. మల్కీయా ఇద్దరికీ సముద్రంలోనే బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్ళ వెనక మరికొన్ని కూలీల కుటుంబాలు వచ్చాయి.

ఎలాసా ఓర్చుకున్నాడు. వంట తన మేనత్త చేతిది. శాస్త్రం ఒప్పిన వంట. అందుకని పక్కన ఎవరు కూర్చున్నా ముద్ద దిగేది. కానీ ఆ చలికాలం ఒక మధ్యాహ్నం గురువు స్ట్రాతోను ఇంటికే వెళ్ళి భోజనం చేసి వచ్చాడు.

“ఏం తిన్నారు రబ్బీ?” అని అడిగాడు ఎలాసా.

“పప్పు.”

“ఆ కుండలో అంతకుముందు ఏం వండారో అడిగారా?”

“లేదు. ఆకలేసింది.”

“అది మట్టి కుండ రబ్బీ. మైల పీల్చుకుంటుంది. ఒకసారి అంటిందంటే కడిగితే పోదు, పగలగొట్టాల్సిందే. శాస్త్రంలో ఉంది.”

“ఉంది,” అన్నాడు మల్కీయా. “ముప్ఫై ఏళ్ళు రాతి బానలు చెక్కాను. రాయికి మైల అంటదని జనం వెతుక్కుంటూ వచ్చి కొనేవారు. నిజమే. రాయికి ఏదీ అంటదు.”

ఇంకేమైనా అంటాడేమోనని ఎలాసా చూశాడు. గురువు ఉలికి పదును పెట్టుకోసాగాడు.

ఆ రోజు నుంచి ఎలాసా చాప మీద కూర్చోవడం మానేశాడు. గ్రంథం వినిపించేవాడు, రొట్టె వేళకు లేచి వెళ్ళిపోయేవాడు. మల్కీయా ఆపలేదు.

పది రోజులకు యూదయ నుంచి ఇత్తయి అనే పెద్ద వచ్చాడు. అతనూ యేసును నమ్మినవాడే. నెరిసిన గడ్డం, మెల్లని మాట. వెంట సున్నతి చేసే మనిషి ఒకడు ఉన్నాడు. కూడిక మధ్యలో లేచి నిలబడి ఇత్తయి వచ్చిన పని చెప్పాడు.

“అన్యజనులు రావడం మాకు సంతోషమే. కానీ వచ్చే దారి ఒకటుంది. సున్నతి పొందాలి. మోషే ధర్మశాస్త్రం పాటించాలి. అంతవరకు వాళ్ళ చాప వేరు.”

“వాళ్ళ మీదికి పరిశుద్ధాత్మ దిగడం ఈ గదిలో అందరూ చూశారు,” అన్నాడు మల్కీయా. “అప్పుడు ఆయన ఏ చాపా అని అడగలేదు.”

“మీరు చూసినదాన్ని కాదనను. నా మాట కూడా వినండి. ముత్తాతల కాలంలో మా వంశపు పెద్ద ఒకాయన మెడ మీద గ్రీకు రాజు మనుషులు కత్తి పెట్టి పంది మాంసం తినమన్నారు. ఆయన నోరు తెరవలేదు. ప్రాణమిచ్చి ఆయన కాపాడినదాన్ని ఇప్పుడు అక్కర్లేదని నా నోటితో నేనెలా అనగలను?”

 ఎలాసా కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తన గొంతులో అడ్డుపడ్డ మాట ఆ ముసలాయన అన్నట్టనిపించింది.

మల్కీయా కూడా తల వంచాడు. తర్వాత అన్నాడు:

“అలాంటివాడి వంశాన పుట్టారు, ధన్యులు. కానీ ఆయన ఇచ్చింది తన ప్రాణం. ఇంకొకడి ప్రాణం అడగలేదు.”

 అయితే గదిలో చాలామంది యూదులు గొడవ ఎందుకని ఆయన మాటకే తల ఊపారు. పెరట్లో చూరు కింద ఇంకో చాప పరిచారు. స్ట్రాతోను పల్లెత్తు మాట అనకుండా తనవాళ్ళను తీసుకుని బయటికి నడిచాడు. సన్నగా వాన పడుతోంది. మల్కీయా తన వాటా రొట్టె చేత్తో పట్టుకుని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. చూరు నీళ్ళు అతని భుజం మీద పడుతున్నాయి. అప్పటికే అతనికి దగ్గు ఉంది.

ఆ దగ్గే స్ట్రాతోనును కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే ఇత్తయి బస చేసిన ఇంటికి వెళ్ళాడు. ఎలాసా అక్కడే ఉన్నాడు.

“అయ్యా, మా మూలంగా పెద్దాయన వానలో కూర్చుంటున్నాడు,” అన్నాడు స్ట్రాతోను. “ఆ పనేదో నాకు చేసెయ్యండి. నేను లోపలికొస్తే ఆయన లోపలికొస్తాడు.”

ఇత్తయి అతన్ని కౌగిలించుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం మల్కీయా ఇంట్లోనే జరపాలనుకున్నారు. ఆ వేళ గురువు పనిలో ఉంటాడు. అడ్డుపడతాడేమోనని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఎలాసాకు ఒక సంగతి తెలుసు. ఏడాది కిందట మూటలెత్తే కొక్కెం గీసుకుని స్ట్రాతోను అరచెయ్యి తెగింది. రెండు రోజులు రక్తం ఆగలేదు. అమ్మియ బూడిద అద్దుతూ కూర్చుంది. “వీళ్ళ మేనమామ పన్ను పీకించుకుని ఇలాగే పోయాడు, బాబూ,” అని ఆవిడ ఏడుస్తుంటే పక్కన నిలబడి విన్నవాడు ఎలాసాయే.

ఆ సంగతి ఇత్తయికి చెప్పాలా అనుకున్నాడు. చెప్తే ఆగిపోతుంది. ఆజ్ఞ పాటించేవాణ్ని ఆజ్ఞ ఇచ్చినవాడే కాపాడతాడు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మియ రేవు మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మల్కీయా మోకాళ్ళ మీద కూర్చుని రాయి చెక్కుతున్నాడు.

“అయ్యా, మీరే చేయించుకోమన్నారా?”

“ఏం చేయించుకోమన్నాను తల్లీ?”

ఆవిడ చెప్పింది. మల్కీయా ఉలి అక్కడే పడేసి లేచాడు.

అతను ఇంటికి చేరేసరికి గదిలో స్ట్రాతోను చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గిన్నెలో ద్రాక్షారసం, మడిచిన గుడ్డలు, కత్తి సిద్ధంగా ఉన్నాయి. ఇత్తయి ప్రార్థన ముగిస్తున్నాడు. ఎలాసా తలవైపు కూర్చున్నాడు. గుమ్మంలో గురువును చూసి లేచి నిలబడ్డాడు.

మల్కీయా ఎవరినీ పలకరించలేదు. రాతిపొడి నిండిన బట్టలతోనే వచ్చి స్ట్రాతోను పక్కన అదే చాప మీద పడుకున్నాడు.

“ముందు నాకు చెయ్యండి,” అన్నాడు.

కత్తి పట్టుకున్న మనిషి తెల్లబోయాడు. “అదేమిటి రబ్బీ! మీకు పుట్టిన ఎనిమిదో రోజే అయింది కదా.”

“అయింది. మా నాన్న దగ్గరుండి చేయించాడు. పెద్దయ్యాక యూదయలో సైనికులు మా ఇంటి తలుపు కొట్టారు. నేను వెనక గోడ దూకాను. మా బావమరిది యాకీను కుంటివాడు. దూకలేడు. నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. నేను వెనక్కి చూడలేదు.” అతను పైకప్పు వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. “నిరుడు ఈ రేవులో అధికారి మనుషులు నా కోసం వచ్చారు. నేను ధాన్యం కొట్లో దాక్కున్నాను. ఇతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రెండు వేళ్ళు విరిచారు. నేనెవరో తెలియదన్నాడు. నాకు ఎనిమిదో రోజున సరిగ్గా కుదరలేదేమో. మళ్ళీ చెయ్యండి.”

ఆ మనిషి కత్తిని పక్కకు దించాడు.

“మల్కీయా!” అన్నాడు ఇత్తయి. “దేవుడు అబ్రాహాముతో చేసిన నిబంధనను ఎగతాళి చేస్తున్నారు మీరు.”

మల్కీయా లేచి కూర్చున్నాడు.

“ఎగతాళి కాదు. నా కొడుక్కి నేనే ఒళ్ళో పెట్టుకుని చేయించాను. ఆ రోజు ఆనందంతో ఏడ్చాను. అది మనకు పెద్దలిచ్చిన సొత్తు. నా బిడ్డలకు నేనిస్తాను. ఇతను లోపలికొచ్చే గుమ్మానికి మాత్రం దాన్ని గొళ్ళెంగా పెట్టనివ్వను.”

“అతనే ఒప్పుకున్నాడు.”

“ఎందుకు ఒప్పుకున్నావు?” అని మల్కీయా స్ట్రాతోనును అడిగాడు.

“మీకు దగ్గు,” అన్నాడు స్ట్రాతోను.

 గుమ్మంలోంచి అమ్మియ లోపలికి వచ్చింది. అందరి ముందూ మొగుడి అరచెయ్యి విప్పి పట్టుకుని ఆ మచ్చ చూపించింది. రెండు రోజుల రక్తం సంగతి, మేనమామ సంగతి చెప్పింది.

ఇత్తయి ముఖం పాలిపోయింది. “ఈ మాట నాకెవరూ చెప్పలేదే! తెలిస్తే కత్తి తెప్పించేవాణ్నే కాదు. మనిషిని చంపి నెరవేర్చే ఆజ్ఞ ఉంటుందా?” అని ఎలాసా వైపు తిరిగాడు. “నీకు తెలుసా నాయనా?”

ఎలాసా తల ఎత్తలేదు. మల్కీయా అతని వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

“రక్తం ఆగే మనిషైనా నా మాట ఇదే,” అన్నాడు. “లే, స్ట్రాతోనూ.”

పెరట్లో చూరు కింద చాపను మల్కీయా చుట్ట చుట్టి అటక మీద పడేశాడు.

కబురు ఊళ్ళో పాకింది. ఇత్తయి ఎవరితోనూ అనలేదు. కానీ రేవులో నోళ్ళు మూయించేదెవరు? రెండు రోజులకు పట్టణంలోని యూదుల సమాజమందిరపు పెద్దలు మల్కీయాను పిలిపించారు. అన్యుల ఇళ్ళలో తింటున్నాడని, సున్నతికి వచ్చినవాణ్ని లేపేశాడని నేరం మోపారు. ఇకమీదట తిననని మాట ఇస్తే సరి. లేదంటే ఒకటి తక్కువ నలభై దెబ్బలు. దెబ్బలకు రానంటే మందిరంతో తెగతెంపులు.

“వెళ్ళకండి,” అన్నాడు స్ట్రాతోను. “మీరు రానంటే వాళ్ళు చేసేదేమీ లేదు. మా దగ్గర ఉండండి.”

“వెళ్ళకపోతే నేను వాళ్ళవాణ్ని కానని ఒప్పుకున్నట్టు,” అన్నాడు మల్కీయా. “నేను వాళ్ళవాణ్నే.”

ఆ మధ్యాహ్నం నుంచి ఎలాసా గురువు ఎదుట నోరు విప్పలేదు. అప్పుడు విప్పాడు. “అయితే తిననని ఒక్క మాట చెప్పండి రబ్బీ. వదిలేస్తారు.”

“చెప్పను. నేను వీళ్ళవాణ్ని కూడా.”

దెబ్బలు కొట్టేటప్పుడు పక్కన ఒకరు నిలబడి ధర్మశాస్త్రంలోని హెచ్చరికలు వినిపించడం ఆచారం. ఆ పట్టణంలో ఎలాసాను మించి వినిపించేవాడు లేడు. పెద్దలు అతన్నే పిలిచారు.

అతను కాదనాలనుకున్నాడు. గురువు భుజం తట్టాడు. “వేరేవాడైతే తప్పులు చదువుతాడు. నువ్వు రా.”

మందిరపు వసారాలో మల్కీయా చేతులు స్తంభానికి కట్టారు. అంగీ నడుము దాకా దించారు. వీపు మీద ఎముకలు తేలి ఉన్నాయి. కొరడా పట్టుకున్న మందిర సేవకుడు ఓబేదు అతనికి పాత స్నేహితుడే. కొట్టేముందు చెవి దగ్గర వంగి ఏదో అన్నాడు. మల్కీయా, “కానివ్వు ఓబేదూ, నీ పని నువ్వు చెయ్యి,” అన్నాడు.

ఎలాసా మొదలుపెట్టాడు. ఎన్ని వందల సార్లు చెప్పిన మాటలవి! చిన్నప్పుడు వాటిని అప్పజెప్పినందుకు తేనె నాకించారు. ఇప్పుడు ఒక్కొక్క మాట వెనక ఒక దెబ్బ పడుతోంది. వీపు మీద గీతలు ఎర్రబడ్డాయి, తర్వాత చిట్లాయి. రక్తం నడుము మీదికి జారింది.

ఎలాసాకు తర్వాతి మాట గుర్తురాలేదు. అతని జీవితంలో అలా జరగడం అదే మొదలు. వసారా అంతా చూస్తోంది. కొరడా గాలిలో ఆగిపోయింది.

స్తంభానికి చెంప ఆనించి ఉన్న మల్కీయా ఆ తర్వాతి మాట అందించాడు.

మెల్లగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా అందించాడు. ఎలాసా దాన్ని పట్టుకుని ముందుకు సాగాడు. ఇంకోచోట ఆగిపోయాడు. అక్కడ కూడా గురువే అందించాడు. అలా చివరిదాకా ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. ఓబేదు ఏడుస్తూ కొట్టాడు.

కట్లు విప్పాక ఎలాసా గురువుకు భుజం ఆసరా ఇచ్చి బయటికి తెచ్చాడు. సగం దారిలో అడిగాడు:

“మీకు చదవడం రాదు కదా రబ్బీ?”

“రాదు,” అన్నాడు మల్కీయా. “ప్రతి విశ్రాంతిదినం విన్నాను. ఇష్టమైన మాటలు కదా.”

ఇంటి దగ్గర అమ్మియ నూనె, ద్రాక్షారసం కలిపి గాయాలు తుడిచింది. బోర్లా పడుకున్న మల్కీయా చాలాసేపు దగ్గాడు. పొద్దు వాలుతుండగా ఇత్తయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వీపు చూసి ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

“ఇందులో నా ప్రమేయం లేదు,” అన్నాడు.

“తెలుసు. కూర్చోండి.”

“కూర్చోను. పొద్దున్నే ఓడ ఉంది. మీరన్నదానికి నేనింకా ఒప్పుకోలేదు మల్కీయా. కానీ యూదయలో పెద్దలు అడుగుతారు. నా మాటగా చెప్తే తప్పు చెప్తానేమోనని భయం. మీ జవాబు రాసివ్వండి. విప్పకుండా వాళ్ళ చేతిలో పెడతాను.”

మల్కీయా ఎలాసాకు సైగ చేశాడు. ఎలాసా రాత సామాను తెచ్చుకుని చాప అంచున, నేల మీద కూర్చున్నాడు. అమ్మియ తన ఇంటి నుంచి తెచ్చిన పప్పు కుండ చాప మధ్యలో దించింది. కూలీలు, ఎలాసా మేనత్త చుట్టూ చేరారు. స్ట్రాతోను రొట్టె విరిచాడు. మల్కీయా మోచేతుల మీద లేచి ఒక ముక్క అందుకున్నాడు.

“ఏమని రాయను రబ్బీ?”

“తింటున్నామని రాయి.”

గురువు ఇంకా ఏమైనా చెప్తాడేమోనని ఎలాసా కలం ఎత్తి పట్టుకున్నాడు. లేఖనాలు, ఆధారాలు అతని నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. గురువు అడగలేదు.

“అంతేనా?”

“అంతే.”

“ఎవరెవరు తింటున్నారని అడుగుతారు.”

“పేర్లు రాయి. కావాలంటే వచ్చి చూసుకోమను.”

ఎలాసా రాశాడు. స్ట్రాతోను. అమ్మియ. గదిలో ఉన్న కూలీల పేర్లు, మేనత్త పేరు, మల్కీయా. కలం ఆగింది.

 మల్కీయా కళ్ళు మూసుకుని రొట్టె నములుతున్నాడు. గుమ్మంలో ఇత్తయి ఎదురుచూస్తున్నాడు.

ఎలాసా కలం పక్కన పెట్టాడు. చాప మీదికి జరిగాడు. రొట్టె తుంచి, అమ్మియ కుండలో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు.

అప్పుడు మళ్ళీ కలం తీసుకుని, చివర తన పేరు రాశాడు.